వాట్లు చూసి మిక్సర్ కొనకు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బేకింగ్ కోసం, గట్టు మీద నిలబెట్టి పిండి కలుపుకునే స్టాండ్ మిక్సర్ కొనాలనుకుంటున్నావని, సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ అన్నయ్య అమెరికా నుంచి తెస్తానన్నాడని మీ అమ్మ చెప్పింది. ముందు ఆ ప్రయత్నం ఆపించు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గుకు తగిలించే అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు. దాన్ని నమ్ముకుని స్విచ్ వేస్తే మోటారు కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా అంటాడు అన్నయ్య. వంటగట్టు మీద ఇంకో బరువైన పెట్టె, దాని వేడి, దాని రొద నీకెందుకు? పైగా అక్కడి వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. అంతగా కానుక ఇవ్వాలనుకుంటే డబ్బు పంపమను, ఇక్కడే కొనుక్కో.

అయితే నువ్వు చేయబోయేదేమిటి? నెలకో కేకు, పండక్కి కాసిని బిస్కెట్లు అయితే చేత్తో పట్టుకుని తిప్పే హ్యాండ్ మిక్సర్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి ఓవెను, గ్రాముల్లో తూచే త్రాసు కొనుక్కో, నీ కేకులకు వాటివల్లే మేలు. వారం వారం బ్రెడ్డు, బన్నులు చేస్తానంటే మాత్రం స్టాండ్ మిక్సర్ కావలసిందే. వెన్న, పంచదార ఏ మిక్సరైనా గిలకొడుతుంది. యంత్రం సత్తా తేలేది పిండి ముద్దను పిసికేటప్పుడే.

అందుకే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లను చూసి మోసపోకు. అవి మోటారు లాగే కరెంటు లెక్క, పిండి పిసికే కొక్కేనికి అందే బలం కాదు. కిచెన్‌ఎయిడ్ కంపెనీ ఆర్టిజన్ మిక్సర్ దాదాపు 300 వాట్లదే. లోపల లోహపు గేర్లు ఉండటం వల్ల గట్టి ముద్దను కూడా నెమ్మదిగా తిప్పగలదు. నువ్వు అదే కొనాలని కాదు, దాని ధరకు నాకూ మనసొప్పదు. ఏది కొన్నా గేర్లు లోహానివో ప్లాస్టిక్‌వో అడుగు, చేత్తో ఎత్తి బరువు చూడు. తేలిక యంత్రం పిండి పిసుకుతూ గట్టు మీద జరిగిపోతుంది, పక్కనుంచి కదలడానికి ఉండదు.

దుకాణంలో ఒక చిన్న పరీక్ష చేయించు. చదునైన బీటర్ తగిలించి, గిన్నె అడుగున రూపాయి బిళ్ళ వేసి, అతి తక్కువ వేగంలో తిప్పమను. ఒక్కో చుట్టుకు బిళ్ళ కొద్దికొద్దిగా జరగాలి. అసలు కదలకపోతే బీటర్ అడుగుకు అందడం లేదన్నమాట, వెన్న కింద అలాగే ఉండిపోతుంది. బీటర్‌తోపాటు గిరగిరా తిరిగితే గిన్నెను గీకుతోందని అర్థం. చాలా మిక్సర్లలో ఈ ఎడం సరిచేసే స్క్రూ ఒకటి ఉంటుంది, అది ఎక్కడుందో చూపించమను.

గిన్నె మరీ పెద్దది వద్దు. నలుగురున్న ఇంటికి నాలుగున్నర, ఐదు లీటర్లు సరిపోతుంది. అంతకు మించితే రెండు గుడ్ల తెల్లసొన, దాన్ని గిలకొట్టే తీగల విస్క్‌కు అందక అడుగునే ఉండిపోతుంది. మాంసం కీమా కొట్టేవీ, నూడుల్స్ తీసేవీ కలిపి ఇస్తామంటే వాటికోసం ధర పెంచుకోకు.

కొన్నాక మొదటిసారి అరకిలో మైదాతోనే మొదలుపెట్టు. ముద్దను పిసికేటప్పుడు వేగం రెండో నంబరు దాటించకు. కాస్త తీసి వేళ్ళ మధ్య సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పలుచగా పొర వస్తే చాలు, ఆపేయ్. పిసికే రాపిడికి ముద్ద వేడెక్కుతుంది. మన ఎండల్లో ఈస్టు తొందరపడి పొంగి, బ్రెడ్డు పులుపెక్కుతుంది. అందుకని మార్చి నుంచి జూన్ దాకా ఫ్రిజ్‌లో నీళ్ళే పోయాలి.

డబ్బు కట్టే ముందు మీ ఊళ్ళో ఆ కంపెనీ సర్వీసు కేంద్రం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కో. లేకపోతే ఎంత మంచిదైనా వదిలేయ్.

ఇట్లు,
మీ పెద్దమ్మ