ఇసుక పునాది మీద గుడి నిలుస్తుందా, కుంగుతుందా?

పాత కట్టడాల మీద టీవీ డాక్యుమెంటరీల్లో "ఇసుక మీద కట్టారు కాబట్టే చెక్కుచెదరలేదు" అంటుంటారు. మరి అలాగే ఇసుక పునాది మీద కట్టిన హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని ఎందుకు విప్పాల్సి వచ్చింది? ఇదీ ప్రశ్న.

ఆ మాట సగమే నిజం. నలువైపులా కదలకుండా బంధిస్తే ఇసుక బాగా బరువు మోస్తుంది. బియ్యం సంచి మూతి బిగించి కట్టి పైన నిలబడండి, ఏమీ కాదు. మూలన చిల్లు పడిందా, అటే ఒరుగుతారు. పునాదిలోకి నీళ్లు చేరి సన్న రేణువుల్ని లాక్కుపోతే జరిగేది అదే.

స్తంభాలన్నీ సమానంగా జానెడు దిగినా పెద్ద భయం లేదు. ఒక్కటి రెండంగుళాలు ఎక్కువ దిగితేనే చిక్కు. దూలం స్తంభం తల మీద ఊరికే కూర్చుని ఉంటుంది కాబట్టి కీలు దగ్గర సందు తెరుచుకుంటుంది. రాయి నొక్కుడుకు గట్టిదే గానీ వంపును తట్టుకోదు, అడుగు నుంచి పగులుతుంది.

1163 నాటి ఈ గుడి మండపాన్ని 2006లో విప్పి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. ఇలాంటి పనిలో అసలు కష్టం క్రేన్ కాదు, నంబర్లు. ప్రతి రాయికీ వరుస, దిక్కు, పై ముఖం గుర్తు రాసి, నక్షాలో ఎక్కించాకే పైకప్పు నుంచి కిందికి దించాలి. ఒక్క అంకె చెరిగితే ఆ రాయి చోటు వెతకడానికే రోజులు పడతాయి. టీవీలో ఇది చూపించరు, బోరు కొడుతుందనేమో!

ఇసుక పునాది మీదే కట్టిన రామప్ప గుడికి వెళ్తే నేల చూడండి. అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది.