సగం పూట ఉద్యోగానికి పోతే బియ్యం కార్డు పోతుందా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అనంతపురం పాతూరు. మా ఆయన బట్టల కొట్టులో చేస్తారు, నెలకు 11 వేలు. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. 30 మంది పనిచేసే ఒక నర్సింగ్ హోమ్‌లో పొద్దున 9 నుంచి 1 వరకు బిల్లింగ్ పని, 8 వేలు ఇస్తామన్నారు. మా బావగారు ‘నీ జీతం కలిస్తే వాడికి ట్యాక్స్ పడుతుంది, కార్డూ పోతుంది’ అంటున్నారు. వాళ్లేమో పేరు రాయకుండా డబ్బు చేతికే ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ట్యాక్స్ టెన్షన్ వదిలేయండి తల్లీ. మన దేశంలో ఎవరి సంపాదన లెక్క వాళ్లదే, భార్య జీతాన్ని భర్త జీతంలో కలపరు. కొత్త విధానంలో ఏడాదికి 4 లక్షల దాకా పన్నే లేదు, మీది 96 వేలు. జర్మనీలో 1958 నుంచి ఆలుమగల ఆదాయం కలిపి పన్ను వేసే పద్ధతి ఉంది, దానివల్ల తక్కువ జీతమున్న భార్య పూర్తి పనికి పోవడానికి వెనకాడుతుంది. ఆ చిక్కు మనకు లేదు.

కార్డు దగ్గర మాత్రం మీ బావగారి మాట నిజమే. అక్కడ లెక్క మనిషిది కాదు, ఇంటిది. పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు, మీ ఇద్దరిదీ కలిపితే 19 వేలు. బడికి పోయే పిల్లల తల్లికి ప్రభుత్వం ఏటా డబ్బు వేసే తల్లికి వందనం పథకానికీ ఇదే హద్దు. వెయ్యి దాటినా ఏడు వేలు దాటినా మొత్తం పోతుంది, అలాంటప్పుడు ఇంట్లో మానుకోమనేది ఆడమనిషినే కదా, నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది. ఆదాయం పెరిగే కొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గించాలి గానీ ఒక్కసారిగా తీసేస్తే ఎలా?

అయినా లెక్క వేసుకోండి. నలుగురికి నెలకు 20 కిలోల బియ్యం, కిలో 50కి కొన్నా ఏడాదికి 12 వేలు. తల్లికి వందనం ఇద్దరికీ 26 వేలు. పోయేది 38 వేలు, వచ్చేది 96 వేలు. పనికి పోండి.

చేతికి డబ్బు మాత్రం వద్దే వద్దు. 10 మంది పైన ఉన్నచోట 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, కట్టాల్సిందే, సగం పూట పనైనా సరే. మీకు కోసేది 60 రూపాయలు, వాళ్లు కట్టేది 260, వైద్యం మీ పిల్లలకూ వస్తుంది. 20 మంది దాటితే పీఎఫ్ కూడా ఉంటుంది, మీ 12 శాతానికి వాళ్లూ 12 శాతం వేయాలి. పేరు రాయకపోతే ఆ డబ్బు మిగిలేది వాళ్లకే. చేరేరోజే నియామక పత్రం, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ నంబరు అడగండి, సచివాలయంలో ఎవరైనా ఆదాయం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.