వేడెక్కితే ఆగిపోయే ఎంజీబీ, గ్రీజు పెట్టకూడని హెరాల్డ్

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండు నుంచి వచ్చిన పాత స్పోర్ట్స్ కార్ల గురించే. ఇంటి పోర్టికోలో మనమే విప్పి బాగు చేసుకోగలిగిన బండ్లు ఇవి. అందుకే పాఠకులకు నా విన్నపం ఒకటే: సామాను కొనే ముందు పరీక్ష చెయ్యండి. ఉత్తరం రాసేటప్పుడు బండి ఏ సంవత్సరానిదో, ఆఖరుగా ఏం మార్చారో, బ్యాటరీలో ప్లస్సు ఎర్తుకి కట్టారో మైనస్సు కట్టారో రాయండి. ఈ మూడూ తెలిస్తే నాకు సగం దారి దొరికినట్టే.

ప్రశ్న (విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ నుంచి ఒక పాఠకుడు): మేస్త్రి గారికి నమస్కారం. మా మామయ్య గారి 1969 ఎంజీబీ స్పోర్ట్స్ కారు నా చేతికి వచ్చింది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు హాయిగా పోతుంది. జగదాంబ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం దగ్గి దగ్గి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. షెడ్డులో కాయిల్, ప్లగ్గులు, పెట్రోల్ పంపు అన్నీ మార్చాలంటున్నారు. ఊళ్లోకి తియ్యాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, ఇప్పుడే ఏదీ మార్చకండి. వేడికి ఆగి, చల్లారాక నడిచే బండిలో దోషం ఎక్కడుందో అది ఆగిన మొదటి ఐదు నిమిషాల్లోనే తెలుస్తుంది. షెడ్డుకి లాక్కెళ్లేసరికి ఇంజన్ చల్లారిపోతుంది, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఇక అక్కడ ఊహ మీదే సామాను చీటీ రాస్తారు. కాబట్టి ఈ పరీక్ష రోడ్డు పక్కన మీరే చెయ్యాలి. ఒక టెస్ట్ ల్యాంప్, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

ఆగిన వెంటనే బండిని ఓరకి తోసి, సెల్ఫ్ కొట్టకుండా తాళం మాత్రం తిప్పండి. వెనక వైపు నుంచి ఎస్‌యూ కంపెనీ పెట్రోల్ పంపు టిక్ టిక్‌మని వినిపించాలి. కొన్నిసార్లు కొట్టి ఆగిపోతే కార్బరేటర్ గిన్నెలు నిండాయన్న మాట. ఆగకుండా గబగబా కొడుతూనే ఉంటే పంపు పెట్రోలుకి బదులు ఆవిరినో గాలినో లాగుతోంది, లేదా ట్యాంకు ఖాళీ. అసలు చప్పుడే లేదనుకోండి, పంపు మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. తడితే కొట్టడం మొదలుపెట్టిందంటే లోపలి పాయింట్లు మాడాయి. తట్టినా పలక్కపోతే పంపు దగ్గరున్న తెల్ల వైరుకి టెస్ట్ ల్యాంప్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. తాళం ఎక్కువసేపు అలా తిప్పి ఉంచకండి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకుని ఉన్న చోట ఇంజన్ ఆగితే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి అది కాలిపోతుంది.

తర్వాత ట్యాంకు మూత తిప్పండి. హుష్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. పెట్రోలు తగ్గే కొద్దీ ట్యాంకులోకి గాలి రాకపోతే పంపు ఎంత లాగినా రాదు. మూత శుభ్రం చేసుకుంటే పైసా ఖర్చు లేకుండా బండి బాగుపడుతుంది. ఇంత చిన్న పని చూడకుండా పంపు మార్చేస్తుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది.

మూడోది నిప్పు. డిస్ట్రిబ్యూటర్ మూత నడిమి నుంచి కాయిల్ వైరు ఊడదీసి, ప్లేయరుతో పట్టుకుని, దాని కొన ఇంజన్ ఇనుముకి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. పక్కనున్న మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. చుట్టుపక్కల పెట్రోలు వాసన ఉంటే మాత్రం ఈ పని వద్దు. నీలంగా, లావుగా, టప్ టప్‌మంటూ దూకితే నిప్పు బాగుంది. సన్నగా, పసుపు రంగులో వస్తే కండెన్సరో కాయిలో వేడికి చచ్చిపోతోంది. ముందు కండెన్సరే మార్చండి, కాయిల్‌తో పోలిస్తే దాని ధర ఏపాటిది? కొత్తది తెచ్చాక పాతదాన్ని పారెయ్యకుండా డబ్బాలో దాచండి. ఇప్పుడు వస్తున్న కొత్తవాటిలో నాసిరకం చాలా ఉంది.

కాయిల్ విషయంలో ఒక మెలిక ఉంది. మీ 1969 బండికి కావలసింది 12 వోల్టుల మామూలు కాయిల్. మల్టీమీటర్‌తో చూస్తే దాని రెండు చిన్న కొనల మధ్య సుమారు 3 ఓమ్‌లు ఉండాలి. ఆ తర్వాతి కాలపు ఎంజీబీలలో వోల్టేజి తగ్గించే బ్యాలస్ట్ వైరుతో పని చేసే కాయిల్ పెట్టారు, అది 1.5 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. మీ బండిలో ఆ రెండో రకం ఎవరైనా బిగించి ఉంటే అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, సరిగ్గా మీరు రాసినట్టే ట్రాఫిక్‌లో ఆపేస్తుంది.

పంపు బాగుండి, నిప్పు బాగుండి, మూత కూడా సరిగా ఉందా? అప్పుడు గిన్నెల్లోనే పెట్రోలు మరుగుతోంది. ఈ ఇంజన్‌లో కార్బరేటర్లు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. మధ్యలో ఉండే రేకు అడ్డు ఉందో లేదో, దాని వెనక అట్ట ఊడిపోయిందేమో చూడండి. పాతకాలపు ఆ అట్టలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గోకకండి, గాలి కొట్టకండి, తడిపి జాగ్రత్తగా తీసి కొత్త రేకు పెట్టించండి. పెట్రోలు గొట్టాలు ఎగ్జాస్ట్‌కి ఆనుకోకుండా కట్టండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి చీలుతాయి. ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టమే అడిగి తీసుకోండి. గొట్టం కారితే బండి తగలబడుతుంది కాబట్టి ఇందులో పొదుపు వద్దు.

ఇ20 వల్ల గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం కూడా కొంచెం పలచనవుతుంది. గాలి ఫిల్టర్ తీసి, ఇంజన్ వేడి మీద నడుస్తుండగా కార్బరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు లోపే ఎత్తండి. ఇంజన్ వేగం ఒక క్షణం కొద్దిగా పెరిగి సర్దుకుంటే మిశ్రమం సరిగా ఉంది. పడిపోయి ఆగబోతే పలచన, పెరిగి అలాగే ఉంటే చిక్కన. పలచనైతే అడుగున ఉన్న జెట్ నట్టుని ఒక్కొక్క పలక చొప్పున కిందికి దించుతూ మళ్లీ చూడండి. రెండు కార్బరేటర్లనీ సమానంగా దించాలి.

ఇంకో సంగతి. ఎంజీబీ 1798 సీసీ ఇంజన్, మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఒకే ఇంటి పిల్లలు. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 ఒకటే, ట్యాపెట్లు పెట్టే తీరు ఒకటే. పిస్టన్లు, క్రాంకు కలవవు గానీ చేతిపని కలుస్తుంది. కంచరపాలెం వైపు అంబాసిడర్ ట్యాక్సీల మీద చేతులు నల్లబరుచుకున్న పెద్ద మేస్త్రి ఎవరైనా కనిపిస్తే వదలకండి. నేనూ ఆ బండ్ల మీదే ఈ పని నేర్చుకున్నాను. లాప్‌టాప్ తగిలించి చూసే కుర్రాళ్లకంటే మీ బండి ఆయన చెవికే త్వరగా అర్థమవుతుంది.

ప్రశ్న (సిరిపురం నుంచి ఒక పాఠకురాలు): నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ మా దగ్గరే ఉంది. స్టీరింగ్ ఈమధ్య బాగా గట్టిగా తిరుగుతోంది. మెకానిక్ ప్రతిసారీ ముందు చక్రాల దగ్గర గ్రీజు కొడుతూనే ఉన్నాడు. ఇది స్పోర్ట్స్ కారు కాదు, అయినా అడగొచ్చా?

జవాబు: తప్పకుండా అడగొచ్చమ్మా. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మీ హెరాల్డ్ నుంచి పుట్టిందే. రెండింటికీ రూపం గీసింది ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలోత్తి. ముందు చక్రాల అమరికా ఒకటే. అందువల్ల ఈ జవాబు స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్లూ చదవాలి.

మీ కష్టానికి మూలం ఆ గ్రీజే అయి ఉండాలి. ముందు చక్రాన్ని మోసే నిలువు ఇనుము అడుగున ట్రనియన్ అని ఒక ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా నిలువు ఇనుము దాని మరల్లోనే తిరుగుతుంది. కంపెనీ దానికి చెప్పింది గ్రీజు కాదు, ఈపీ90 గేరు ఆయిలు. గ్రీజు లోపల గట్టిపడి మరల దాకా పోదు. మరలు పొడిబారతాయి, వాన నీరు చేరి తుప్పు పడుతుంది. చివరికి నిలువు ఇనుము మర దగ్గరే పుటుక్కున తెగి, చక్రం లోపలికి మడత పడుతుంది. ఇది ఎక్కువగా మలుపు తిప్పేటప్పుడే జరుగుతుంది. కాబట్టి ఇది తేలేదాకా సింహాచలం ఘాటు ఎక్కించకండి.

రెండు వైపులా విప్పించి, పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగించి, నిలువు ఇనుము మరలు తుప్పుకి తిన్నాయేమో వేలితో తడిమి చూడండి. గుంటలు తగిలితే దాన్ని మళ్లీ వాడొద్దు. ఒక పక్క మర కుడికి, రెండో పక్క మర ఎడమకి తిరుగుతుంది కాబట్టి ముక్కలు కలిసిపోకుండా రెండు పళ్లాల్లో పెట్టించండి. బిగించేటప్పుడు పూర్తిగా ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిరిగేటట్టు కొంచెం వెనక్కి తిప్పాలి. ఆ తర్వాత గేరు ఆయిలు పోసిన గన్నుతో, పైనుంచి ఆయిలు ఊరే దాకా కొట్టించండి. మన విశాఖ తేమకి వానల ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి కొడితే మంచిది. మెకానిక్ మీద కోప్పడకండి, అన్ని బండ్లకీ అక్కడ గ్రీజే కదా అనుకుని ఉంటాడు. ఈ పేజీ చూపించండి.

బానెట్ ఎత్తినప్పుడు మరొకటి చూడండి. ఇంజన్ ఆపి ఉండగా ఒకరు క్లచ్ తొక్కాలి, మీరు ముందున్న క్రాంకు పుల్లీని గమనించాలి. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ కంటికి కనిపించేంత ముందుకి జరిగితే, క్రాంకు ముందుకీ వెనక్కీ కదలకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. అప్పుడిక బండి నడపకండి. అవి ఊడి పడితే క్రాంకుతో పాటు బ్లాకు కూడా పోతుంది.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): నా ఎంజీబీలో హెడ్‌లైట్ వేస్తే ఇండికేటర్ మసగ్గా వెలుగుతుంది, బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు లైటు ఆడుతుంది. వైరింగ్ మొత్తం కొత్తది వేయించమంటున్నారు.

జవాబు: ఒక లైటు వేస్తే ఇంకోటి మారుతోందంటే నూటికి తొంభై పాళ్లు ఎర్తు పోయింది. కరెంటు తిరిగి వెళ్లే దారి లేక పక్క బల్బు గుండా వెళ్తోంది. నల్ల వైర్లు బాడీకి కలిసే ప్రతి చోటా బోల్టు విప్పి, తుప్పూ పెయింటూ గీకి, వాజలీన్ రాసి బిగించండి. ఆ తర్వాత హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ఎర్తు కొమ్ముకి, రెండోది లైటు ఎర్తుకి పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే అక్కడ ఇంకా పని మిగిలినట్టే. ఉప్పు గాలికి, వైర్లని కలిపే గుండు లాంటి బులెట్ కనెక్టర్లలో కూడా పచ్చటి చిలుము పడుతుంది.

ఈ బండ్ల కరెంటు సామాను చేసిన లూకాస్ వాళ్ల వైర్ల రంగులు నేర్చుకుంటే బండి సగం చదివేయొచ్చు. గోధుమ రంగు నేరుగా బ్యాటరీది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ అదే ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ ఉండే కరెంటు ఫ్యూజు దాటాక. ఎరుపు సైడ్ లైట్లు, నీలం హెడ్‌లైట్లు. పాత ఎలక్ట్రీషియన్ ఎవరైనా అంతటా ఒకే ఎర్ర వైరు లాగేసి ఉంటే, ఆ ముక్కలు మాత్రం సరైన రంగుతో మార్పించండి. మొత్తం వైరింగ్ అవసరం లేదు. మీ బండి 1967కి ముందుదైతే ప్లస్సే ఎర్తు. ఆ సంగతి చూడకుండా మొబైల్ చార్జర్ గానీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గానీ తగిలించకండి.

ప్రశ్న (ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ విద్యార్థి): అంగుళాల నట్లున్న ఈ ఇంగ్లండు బండ్లకి మిల్లీమీటరు పానాలతో పని జరగదా?

జవాబు: జరగదు తమ్ముడూ. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు, 13 నంబరు పానా దాని మూలల్ని తినేస్తుంది. 7/16, 1/2, 9/16, 5/8 రింగు పానాలు ముందు కొనుక్కో. 3/4కి మాత్రం 19 నంబరు సరిపోతుంది.

ప్రశ్న (ద్వారకా నగర్): పాత బండికి వీఏ నంబరు (వింటేజ్ బండ్లకిచ్చే రిజిస్ట్రేషన్) తీసుకోమంటారా?

జవాబు: 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నుంచి ఆ నంబరు ఇస్తున్నారు. కొత్తగా నమోదు చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్లే వాడకం కుదరదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతుకీ తియ్యొచ్చు. బండిని మామూలుగా నడుపుకోవాలనుకుంటే తొందరపడకండి.

ప్రశ్న (పెదవాల్తేరు): మా ఎంజీబీ రోడ్‌స్టర్ తలుపుల కింద పట్టీలు తుప్పు పట్టాయి. టింకరింగ్ ఆయన పైన రేకు అతికి పుట్టీ పెడతానంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: వద్దండి. ఈ బండికి వేరే ఛాసిస్ లేదు, మీ రోడ్‌స్టర్‌కి పైకప్పూ లేదు. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకున్నవి ఆ పట్టీలే. లోపలి రేకు కుళ్లిపోగా పైన అతికిస్తే, ప్రమాదం కంటికి కనిపించకుండా దాచినట్టవుతుంది.

సరిగ్గా చెయ్యాలంటే ముందు తలుపు చుట్టూ సందు ఎక్కడెక్కడ ఎంతుందో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. బండి బరువు చక్రాల మీదే ఉంచి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీ వెల్డ్ చేయించాలి. ఒక వైపు పూర్తయ్యి, తలుపు మళ్లీ సరిగా పడ్డాకే రెండో వైపు కొయ్యాలి. రెండు వైపులా ఒకేసారి కోస్తే బండి నడుం వంగుతుంది, తలుపులు ఇక ఎప్పటికీ సరిగా మూసుకోవు. కొత్త పట్టీ లోపలికి మైనం ఆయిలు కొట్టించి, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పెయింటుతో మూసుకుపోలేదని పుల్ల గుచ్చి చూసుకోండి. బీచ్ రోడ్డు నుంచి వచ్చిన రోజు కింద మంచినీళ్లతో కడగండి. ప్లాస్టిక్ కవరు తీసేసి నూలు కవరు కప్పండి. ఈ క్రమం ఒప్పుకునే టింకరింగ్ ఆయన దొరికేదాకా బండి షెడ్డులోనే ఉండనివ్వండి.