మీ ప్రశ్న – మా జవాబు: ఏ లెక్కనైనా చేయగల భాషకి ఏమేం కావాలి?

ప్రశ్న: హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ భాష కాదని, పైథాన్ మాత్రం ‘ట్యూరింగ్ కంప్లీట్’ అని మా సార్ చెప్పారు. ఒక భాషకి ఆ పేరు రావాలంటే అందులో ఏం ఉండాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: మీరు అనుకునేదాని కన్నా చాలా తక్కువ ఉంటే చాలు. బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1936లో ఊహించిన యంత్రంలో ఉన్నవి ఒక పొడవాటి టేపు, దానిమీద ఒక్కో గడిలో గుర్తు చదివి రాసే ముల్లు, ఏం చూస్తే ఏం చేయాలో చెప్పే పట్టిక, అంతే. ఆ యంత్రం చేసే పనిని ఏ భాషలో రాయగలిగితే అది ట్యూరింగ్ కంప్లీట్. క్లాసులు, స్ట్రింగులు, దశాంశాలు మన సౌకర్యానికే.

మీ దగ్గర జీడిపిక్కలుంటే చేసి చూడండి. రెండు గిన్నెలు పెట్టుకుని మొదటి దాంట్లో 3, రెండో దాంట్లో 4 పిక్కలు వేయండి. ఆదేశాలు ఇవి:

1. మొదటి గిన్నె ఖాళీ అయితే ఆగు.
2. అందులోంచి ఒక పిక్క తీయి.
3. రెండో గిన్నెలో ఒక పిక్క వేయి.
4. మళ్లీ 1కి పో.

ఆగేసరికి రెండో గిన్నెలో 7 ఉంటాయి. కూడిక అయిపోయింది. నాలుగో వరుసలో ‘1కి పో’ బదులు ‘2కి పో’ అని రాస్తే ఖాళీ అయిందో లేదో చూసేవాళ్లే ఉండరు. మూడు పిక్కలూ అయిపోయాక ఖాళీ గిన్నెలో చెయ్యి పెడతారు. రెండో వరుస మరిచిపోతే మొదటి గిన్నె ఎప్పటికీ ఖాళీ కాదు, ప్రోగ్రామ్ ఆగదు. ల్యాబులో మీరు చూసే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) తప్పుల్లో చాలావాటి మూలం ఈ రెండే.

ఒకటి వేయడం, ఒకటి తీయడం, ఖాళీయో కాదో చూసి దాన్నిబట్టి ఎటు పోవాలో తేల్చుకోవడం. గిన్నెలో ఎన్ని పిక్కలైనా పట్టేటట్టయితే ఈ పనులతో, రెండే గిన్నెలతో, ఏ కంప్యూటర్ లెక్కనైనా చేయొచ్చని 1961లో అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ చూపించారు. మూడు సంఖ్యలు దాచాలంటే ఎలా? 2, 1, 1 అనుకోండి. ఒక్కోదానికి 2, 3, 5 అనే ప్రధాన సంఖ్యల్లో ఒకటి కేటాయించి, 2ని రెండుసార్లు, 3ని ఒకసారి, 5ని ఒకసారి గుణిస్తే 60. గిన్నెలో 60 పిక్కలు వేయండి, మూడు సంఖ్యలూ అందులో ఉన్నట్టే. మొదటి సంఖ్యను ఒకటి పెంచాలంటే 60ని 120 చేయాలి: ఇటు ఒకటి తీసినప్పుడల్లా అటు రెండు వేసి, చివర ఒక్కొక్కటిగా వెనక్కి మార్చండి. మొదటి సంఖ్య సున్నాయో కాదో తెలియాలా? రెండేసి తీస్తూ పోండి. చివర ఒకటి మిగిలితే సున్నా. ఘోరమైన నిదానం, నిజమే. కానీ ‘చేయగలదా’ అన్నది వేరు, ‘ఎంత వేగంగా’ అన్నది వేరు.

హెచ్‌టీఎంఎల్‌లో ఈ ‘చూసి తేల్చుకోవడం’, ‘మళ్లీ వెనక్కి పోవడం’ లేవు. పేజీ ఎలా ఉండాలో చెప్పడమే దాని పని.

ప్రశ్న: ఇఫ్, ఫర్ లూప్ ఉంటే చాలదా? వైల్ తప్పనిసరా?
– ఆమదాలవలస నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఎన్నిసార్లు తిరగాలో లూప్ మొదలవకముందే ఖాయమైపోతే చాలదు. షరతు నిజమైనంతసేపూ తిరిగే వైల్ లాంటిది కావాలి. ముందే ఖాయమయ్యే లూప్ మాత్రమే ఉన్న భాషలో రాసిన ప్రతి ప్రోగ్రామూ ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరుతుంది. వినడానికి బాగుంటుంది కానీ, కొన్ని లెక్కలు దానికి అందవు. ఇచ్చే సంఖ్యలు కొంచెం పెరిగినా జవాబు విపరీతంగా పెరిగిపోయే అకర్‌మన్ ప్రమేయమే తీసుకోండి. పాఠ్యపుస్తకాల్లో ఉండే రెండు సంఖ్యల రూపంలో (3, 3) ఇస్తే 61 వస్తుంది. (4, 2) ఇస్తే వచ్చే సంఖ్యలో 19,729 అంకెలుంటాయి. ఆ పెరుగుదలను ముందే లెక్కపెట్టుకున్న లూపులు, ఒకదానిలో ఒకటి ఎన్ని పెట్టినా, అందుకోలేవు.

పరీక్షలో జాగ్రత్త: సీ భాషలోని ఫర్ ఈ కోవలోది కాదు. షరతును ప్రతిసారీ చూస్తుంది కాబట్టి అది వైలే. లూపులే లేకపోయినా, ఫంక్షన్ తనని తాను పిలుచుకోగలిగితే చాలు.

వైల్ వచ్చిందంటే దాని ఖరీదూ వస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పే సాధనం ఉండదని ట్యూరింగ్ అదే 1936లో రుజువు చేశారు. అందుకే బయటినుంచి వచ్చే డేటామీద నడిచే లూపుకి ఒక గరిష్ఠ లెక్కో, టైమ్ లిమిటో పెట్టండి.

ప్రశ్న: జీడిపప్పు లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే చేస్తాను. అదీ ట్యూరింగ్ కంప్లీటేనా?
– పలాస నుంచి ఒక అకౌంటెంట్

జవాబు: మైక్రోసాఫ్ట్ 365లో సొంత ఫంక్షన్ తయారుచేసుకోనిచ్చే లాంబ్డాతో, అవును. నేమ్ మేనేజర్‌లో దానికి పేరు పెట్టి, సూత్రం లోపల అదే పేరుతో మళ్లీ పిలవండి. ఆపే ఇఫ్ ముందుగా రాయండి, లేకపోతే ‘నమ్’ ఎర్రర్ వస్తుంది. సెల్ తననే చూసుకునేలా రాసి ఇటరేటివ్ కాలిక్యులేషన్ ఆన్ చేసే పాత పద్ధతి వేరు. మీరు మార్చకపోతే అది ఒక విడతకి మహా అయితే 100 సార్లు తిరిగి ఆగిపోతుంది. లెక్క పూర్తయిందో లేదో చెప్పదు.