దెబ్బ ఎక్కడ తగులుతోందమ్మా?

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

అమ్మాయికి ఆశీస్సులు.

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆట మీద నువ్వు రాసిన సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఫోన్లో. దాన్ని లెక్కలోకి తీసుకోకు. రెండోసారి ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. "బాబాయ్, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు. మీ నాన్న దగ్గరే లేని మొహమాటం నీ దగ్గర ఎక్కణ్ణించి వస్తుంది?

ముందు చిన్నవి కానిచ్చేద్దాం. వీఆర్‌ని 'మిథ్యా వాస్తవం' అనీ, ఆ ఆట చూడ్డానికి కళ్లకి కట్టుకునే హెడ్‌సెట్‌ని 'శిరోధారిణి' అనీ రాశావు. ఇరవై రెండేళ్ల పిల్ల రూమ్మేట్‌తో "నా శిరోధారిణికి ఛార్జింగ్ అయిపోయింది" అంటే జనం నవ్వుతారు, అదీ నువ్వు నవ్వించాలనుకోని చోట. వీఆర్ అను, హెడ్‌సెట్ అను, ఊరుకో. ఆటలో వేసుకునే రూపాన్ని అవతార్ అంటారని, మొదటి పేజీలో 'అవతారం అన్న మాట ప్రపంచానికి ఇచ్చింది మనమే' అని వాయిస్ ఓవర్ పెట్టావు. కొట్టేశాను. ఇచ్చాం సరే, దాంతో నీ కథకి ఏం పని?

ఇక అసలు సంగతి. పన్నెండో పేజీలో నీ హీరోయిన్ ఆటలోని ఆ గాజు నగరంలో వందో అంతస్తు మీంచి పడుతుంది. లేచి, దుమ్ము దులుపుకుని పరిగెడుతుంది. పదహారో పేజీలో రైలు గుద్దుతుంది. మళ్లీ లేస్తుంది. ఇరవై మూడో పేజీలో డ్రాగన్ నిప్పులు కక్కుతుంటే నేను టీ పెట్టుకోడానికి లేచాను. టెన్షన్ పుట్టలేదమ్మా. మార్జిన్ నిండా ఒకటే ప్రశ్న రాసుకుంటూ పోయాను: దెబ్బ ఎక్కడ తగులుతోంది?

స్పీల్‌బర్గ్ 2018లో తీసిన 'రెడీ ప్లేయర్ వన్' మూడుసార్లు చూశానన్నావు. తెలుస్తూనే ఉంది, నీ కార్ల రేసు అక్కణ్ణించే వచ్చింది. నాలుగోసారి చూడు. ఈసారి కాగితం పక్కన పెట్టుకుని, ఒయాసిస్ అనే ఆ ఆటలో ఏం జరిగినప్పుడల్లా బయట ఎవరికి ఏం పోయిందో రాసుకో.

కథ 2045లో, అమెరికాలోని కొలంబస్‌లో. ట్రెయిలర్ ఇళ్లని ఇనుప చట్రాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తీ. వేడ్ అనే కుర్రాడు పిన్ని దగ్గర ఉంటాడు. ఆవిడతో ఉండే మనిషి, ఇల్లు మారదామని దాచిన డబ్బు తీసుకెళ్లి ఆటలో పోగొట్టుకొస్తాడు. ఇంట్లో గొడవ. ఒయాసిస్‌లో చస్తే ప్రాణం పోదు, కానీ అప్పటిదాకా కూడబెట్టిన నాణేలు, సామాను అన్నీ పోయి సున్నాకి వస్తావు. ఆ నాణేలతో బయట వస్తువులు కొనుక్కోవచ్చు కాబట్టి అది ఉత్తుత్తి నష్టం కాదు. అప్పు తీర్చలేనివాళ్లని ఒక కంపెనీ పట్టుకెళ్లి, చిన్న చిన్న అరల్లో కూర్చోబెట్టి, ఆటలోనే కూలి చేయిస్తుంది. హీరోయిన్ తండ్రి అలాంటి చోటే పోయాడు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది డాన్స్ క్లబ్బు సీను. అంతా రంగులే, గాల్లో తేలుతూ ఇద్దరూ నాట్యం చేస్తుంటారు. ప్రేమ తలకెక్కి, కుర్రాడు తన అసలు పేరు చెప్పేస్తాడు. ఒక్క పేరు. పక్కనున్నవాడు విన్నాడు, ఆ మాట విలన్‌కి చేరింది. కాసేపటికి బయట, నిజం బస్తీలో, నిజం ఇళ్లు పేలిపోతాయి. పిన్ని చచ్చిపోతుంది. లోపల ఒక్క కత్తి కూడా దూయకముందే, ఒక్క పేరుతో ఆ సినిమాలోకెల్లా పెద్ద దెబ్బ తగిలింది. నువ్వు డ్రాగన్‌కి నాలుగు పేజీలు ఇచ్చావు.

మొన్న సంక్రాంతికి మీ అన్నయ్య హెడ్‌సెట్ తెచ్చి నా తలకి బిగించాడు. ఎత్తైన బిల్డింగు పైన, బయటికి చొచ్చుకొచ్చిన చెక్క మీద నడవాలట. హాల్లో టైల్స్ మీద నిలబడ్డానని నాకు తెలుసు. అయినా మోకాళ్లు వణికాయి. కింద కార్లు చీమల్లా పోతున్నాయి, గాలి హోరు చెవుల్లో. అంతలో ఇంగువ పోపు వాసన వచ్చింది. మీ పిన్ని వంటింట్లో పప్పుకి పోపు పెడుతోంది. కళ్లూ చెవులూ మూశారు గానీ ముక్కుని వదిలేశారు. ఆ ఎత్తులో, ఆ ఇంగువ వాసనలో ఒక్క క్షణం నేను రెండుచోట్లా ఉన్నాను. చెయ్యి చాపితే గోడకున్న క్యాలెండర్ మేకు గీరుకుంది. గీత ఇంకా పోలేదు. తీశాక నుదుటి మీద పట్టీ అచ్చు, అద్దాల నిండా చెమట, కడుపులో తిప్పడం. కదులుతున్నానని కన్ను చెబుతుంది, లేదని చెవి లోపలి తూకం చెబుతుంది, మధ్యలో కడుపు నలుగుతుంది.

ఈ పరికరాలకి ఒళ్లుతో పేచీ మొదటినుంచీ ఉంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తలకి పెట్టుకుని చూసే యంత్రం తయారుచేస్తే, మెడ మోయలేదని దాన్ని పైకప్పుకి వేలాడదీశారు. నీ హీరోయిన్ ఏకబిగిన ఆరు గంటలు ఆడింది. మెడ నొప్పి లేదు, చెమట లేదు, దాహం లేదు. ఆ పిల్లకి ఒళ్లే లేదమ్మా. స్పీల్‌బర్గ్ సినిమా చివరి యుద్ధంలో చూడు, లోపల వీరులంతా ఆకాశం బద్దలు కొడుతుంటే, బయట వాళ్లు పరిగెత్తే వ్యాను వెనక, కుదుపులకి అటూ ఇటూ పడుతూ ఆడుతుంటారు. పోపు వాసన చేసిన పని అక్కడ ఆ వ్యాను చేసింది.

రేసు గురించి. నీ హీరోయిన్ ఎలా గెలిచింది? ఎక్కువ స్పీడుగా తోలింది. అంతేనా? ఆ సినిమాలో న్యూయార్క్ వీధుల మీద రేసు, గెలిస్తే ఆటలో దాచిన తాళం చెవుల్లో మొదటిది దొరుకుతుంది. డైనోసార్ తొక్కుతుంది, దాన్నుంచి తప్పించుకున్నవాణ్ణి చివర్లో కింగ్ కాంగ్ పట్టుకుంటాడు. ఇంతవరకూ ఒక్కడూ గీత దాటలేదు. వేడ్ ఏం చేశాడు? ఆటని తయారుచేసి చచ్చిపోయిన హాలిడే జ్ఞాపకాలు భద్రపరిచిన చోటికి వెళ్లి కూర్చున్నాడు. పాత గొడవ ఒకటి మళ్లీ చూశాడు. స్నేహితుడితో వాదనలో హాలిడే చిరాగ్గా అంటాడు, ఒక్కసారి వెనక్కి ఎందుకు పోకూడదు, యాక్సిలరేటర్ తొక్కి పట్టి, ఎంత వేగంగా పోగలిగితే అంత వేగంగా అని. తర్వాతి రేసు మొదలవగానే అందరూ ముందుకి దూకితే వేడ్ రివర్స్ గేరు వేశాడు. నేల తెరుచుకుని కింద ఖాళీ దారి కనబడింది. పైన కాంగ్ కాళ్ల చప్పుడు, కింద వీడొక్కడే హాయిగా. కాలం వెనక్కి పోతే బావుణ్ణని ఏడ్చే ఒంటరి మనిషి మాటే తాళం చెవి. అతని మనసు తెలుసుకున్నవాడికే దారి దొరికింది. అందుకే ఆ గెలుపు దగ్గర నేను ముసలాణ్ణి కూడా కుర్చీలో ముందుకి జరిగాను.

ఇంకో సంగతి. ఎర్నెస్ట్ క్లైన్ 2011లో రాసిన నవలలో ఈ రేసే లేదు. అక్కడ మొదటి తాళం చెవి కోసం కుర్రాడు నేలమాళిగలో దిగి, ఒక ప్రేతరాజుతో 'జౌస్ట్' అనే పాత ఆర్కేడ్ ఆట ఆడతాడు. పుస్తకంలో బాగానే ఉంటుంది, ఎందుకంటే వాడి బుర్రలో మనం కూర్చుంటాం. తెర మీద, వాడు ఆడుతుంటే మనం చూస్తూ కూర్చోవాలి. జాక్ పెన్‌తో కలిసి స్క్రిప్టు రాసింది ఆ క్లైనే, తన నవలకి తనే కత్తెర పట్టాడు. నీ ముప్పయ్యో పేజీలో పజిల్ కూడా చదువుతుంటే బావుంది. తెర మీద మాత్రం ఒక పిల్ల గోడకేసి చూస్తూ ఉంటుంది, అంతే.

సినిమాలో చివరి పరీక్షలో వచ్చే 'అడ్వెంచర్' మాత్రం కల్పన కాదు, అటారీ అనే వీడియో గేముల కంపెనీ వాళ్ల నిజమైన ఆట. ఆట తయారుచేసినవాళ్ల పేర్లు ఆ కంపెనీ వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది పెట్టి అందులో తన పేరు దాచుకున్నాడు. సినిమాలో అందరూ ఆట గెలవాలని చూసి మునిగిపోతుంటారు, వేడ్ ఆ గదిని వెతుక్కుంటూ పోతాడు. నేను ఏళ్ల తరబడి పేరు పడని డైలాగులు రాసినవాణ్ణి. ఆ సీను దగ్గర కళ్లు చెమర్చాయి. నువ్వు నవ్వకు.

లోపలా బయటా గందరగోళం రాకుండా ఎలా రాయాలని అడిగావు. ప్రతి సీను మీదా 'వర్చువల్', 'రియల్' అని రాసుకోవడం నీకోసం. చూసేవాడికి వేరే గుర్తు కావాలి. వాళ్లయితే బయటి ప్రపంచాన్ని ఫిల్ము మీద తీసి, లోపలిది డిజిటల్‌లో చేశారు, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వీధుల్ని కొలంబస్ అన్నారు. నీకు అంత అక్కర్లేదు. బయట ఫ్యాను చప్పుడు ఉంటుంది, లోపల ఉండదు అనుకో. చాలు. గుర్తు ఒకసారి కుదిరాక దాంతోనే మోసం చెయ్యొచ్చు. విలన్ ఆట లోంచి బయటికొచ్చి తన ఆఫీసులో ఉన్నాననుకుంటాడు, వేడ్ తుపాకీ గురిపెట్టి రహస్యం రాబడతాడు. తీరా చూస్తే ఆ ఆఫీసూ ఆటే. అంత పెద్ద కంపెనీ పెద్దమనిషి పాస్‌వర్డు చీటీ మీద రాసి కుర్చీకి అంటించుకోవడం వల్ల జరిగింది ఇదంతా. మా బ్యాంకులో కూడా చూశాను అలాంటి చీటీలు. కానీ ఈ ఎత్తు సినిమాకి ఒక్కసారే. నువ్వు మూడుసార్లు 'ఇదీ కలే' అన్నావు. మూడోసారికి నీ మీద నమ్మకం పోయింది.

అవతారం మారాక లోపలున్నది ఎవరో తెలియాలంటే గ్రాఫిక్స్ అక్కర్లేదు. 1957 నాటి 'మాయాబజార్' పెట్టుకుని, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక సావిత్రి నడక చూడు. ఒళ్లు ఆవిడదే, బరువు ఎస్వీ రంగారావుది. ఎవరూ మనకి వివరించరు. నీ స్క్రిప్టులో రాక్షసుడి రూపంలో ఉన్న హీరోయిన్ కూడా, ఆ పిల్లకే ఉండే ఏదో ఒక అలవాటుతో నడవాలి. జుట్టు లేని తల మీద జుట్టు వెనక్కి తోసుకున్నా సరే.

ఆ సినిమాలో నాకు అరగనివీ ఉన్నాయి. చివర్లో విలన్ తుపాకీ ఎత్తి, కుర్రాడి చేతిలో వెలుగు చూసి దించేస్తాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నిజమే నిజమైనదని హాలిడే చేత చెప్పించారు, అప్పటికి రెండు గంటలుగా చూపించిందీ అదే. మంగళ, గురువారాలు ఒయాసిస్‌కి సెలవు ప్రకటిస్తారు, అది వింటే నాకు మా కాలనీ నీళ్ల టైమింగ్స్ గుర్తొచ్చాయి. నీ ఆఖరి పేజీలో హెడ్‌సెట్ తీసేసి సూర్యోదయం చూస్తూ "ఇదే నిజం" అంటుంది కదా, ఆ డైలాగు కూడా కొట్టేశాను.

కొట్టేయనిది ఒకటుంది. ఏడో పేజీలో, అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురమ్మాయిలు కలిసి ఈఎంఐ మీద ఒక్క హెడ్‌సెట్ కొనుక్కున్నారని ఒక లైను రాసి, వదిలేశావు. దాని కింద రెండు గీతలు గీశాను. ముగ్గురికీ ఒక్కటే, రాత్రి పదికి ఒకళ్ల వంతు అయిపోతుంది, నెలాఖరుకి ఒకళ్లు వాటా ఇవ్వలేరు. అది పగిలితే? నువ్వు ఆ హాస్టల్లో రెండేళ్లు ఉన్నావు, ఆ గది నీకు తెలుసు. గాజు నగరం నీకూ తెలీదు, నాకూ తెలీదు. వందో అంతస్తు మీంచి పడినప్పుడు ఆ గదిలో ఏం పగిలిందో అక్కణ్ణించి మళ్లీ మొదలుపెట్టి, మొదటి పదిహేను పేజీలు మాత్రం పంపు. డ్రాగన్ సంగతి తర్వాత చూద్దాం.

ప్రింటు టేబుల్ మీద పెడితే మీ పిన్ని కూడా చదివింది. పూర్తయ్యాక కళ్లజోడు తీసి, "బాగానే ఉంది కానీ, ఆ పిల్ల సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఆడింది కదా, హాస్టల్లో తొమ్మిదికే మెస్ మూసేస్తారు. మరి అన్నం?" అంది. రెండుసార్లు చదివినా నాకు తట్టలేదు.

మీ బాబాయ్