కాజీపేటను బొగ్గు ఇంజన్ల కాలంలో ఉన్నట్టు మోడల్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: తనకి 15, పెద్దనాన్న కొడుక్కి 17, ఇల్లు హన్మకొండలో. మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది, అందులో కాజీపేట జంక్షన్‌ని బొగ్గు ఇంజన్ల కాలంలో ఎట్లా ఉండేదో అట్లా మోడల్ చేయాలని ఇద్దరికీ కోరిక. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ అమెరికా, జర్మనీ వాళ్ళవే. ఏ స్కేలు తీసుకోవాలి, పాత సమాచారం ఎక్కడ దొరుకుతుంది, ఎంత అవుతుంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా కాజీపేట కాలనీ పిల్లలం కొంతమందిమి కలిసి నెక్కొండ స్టేషన్‌ని మోడల్ చేశాం. మా బాపు రైల్వే కాదు, కానీ చుట్టుపక్కల ఇళ్ళన్నీ రైల్వే వాళ్ళవే. ఇప్పుడు మా అక్క కొడుక్కి అదే పిచ్చి పట్టింది కాబట్టి ఈ మధ్య మళ్ళీ ఆ పనిలో పడ్డాను. అందుకే తెలిసిన సంగతులు చెప్తున్నా.

ముందుగా, "బొగ్గు ఇంజన్ల కాలం" అంటే సరిపోదు. మన దగ్గర ఆ కాలం వంద ఏళ్ళు నడిచింది. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874లో, వరంగల్ దాకా 1886లో, బెజవాడ దాకా 1889లో. అప్పుడు కాజీపేట దారిలో ఒక స్టేషన్, అంతే. బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయ్యి ఢిల్లీ–మద్రాసు దారి కలిశాకే దానికి ఇప్పుడున్న హోదా వచ్చింది. 1930లో నిజాం సర్కారు కంపెనీ చేతిలోంచి రైల్వేని తీసుకుంది, 1950లో అది భారత రైల్వేలో కలిసింది, 1951లో సెంట్రల్ రైల్వే, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే. వీటిలో ఏది ఎంచుకుంటే డబ్బాల మీద అక్షరాలు, ఇంజన్లు, స్టేషన్ బోర్డు మీద భాషలు, మనుషుల బట్టలు దాన్ని బట్టి మారిపోతాయి. కాబట్టి స్కేలు గురించి, పట్టాల గురించి ఆలోచించే ముందు ఇద్దరూ కూర్చుని ఒక సంవత్సరం తేల్చుకోండి. కుదిరితే నెల కూడా. వానాకాలం అయితే చెరువు నిండి ఉంటుంది, ఎండాకాలం అయితే చెల్క అంతా ఎర్రగా ఎండిపోయి ఉంటుంది, రంగులు కొనేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

నన్నడిగితే 1975 అటూ ఇటూ తీసుకోండి. నిజాం కాలం వినడానికి గొప్పగా ఉంటుంది కానీ, అప్పుడు పని చేసినవాళ్ళు ఇప్పుడు లేరు, ఫోటోలు తక్కువ, ఉన్నవి కూడా ఎక్కువగా దొరలు తిరిగే సెలూన్ డబ్బాలవి, ప్రారంభోత్సవాలవి. 1975లో ఇరవై ఏళ్ళకి ఉద్యోగంలో చేరినాయన ఇప్పుడు డెబ్భై దాటి, సాయంత్రం పూట మీ కాలనీలోనే అరుగు మీద కూర్చుని ఉంటాడు. పైగా అప్పటికి బొగ్గు ఇంజన్లూ ఉన్నాయి, డీజిల్ ఇంజన్లూ వచ్చేశాయి. ముక్కు గుండ్రంగా తూటాలా ఉండే డబ్ల్యూపీ ప్రయాణికుల బండికి, పొట్టిచక్రాల డబ్ల్యూజీ గూడ్సుకి, పక్కన వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2. ఒకే స్టేషన్లో మూడూ పెట్టినా ఎవరూ తప్పు పట్టలేరు. ఇంకో లాభం ఏంటంటే కరెంటు తీగలు ఉండవు. మన లైన్ల మీద స్తంభాలు లేచింది 1980ల్లో, ఆ తర్వాత. ఆ స్తంభాలూ తీగలూ చిన్న సైజులో చేయడం ఎంత నరకమో చేసినవాళ్ళకే తెలుసు, మొదటి మోడల్‌కి ఆ టెన్షన్ వద్దు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. కాజీపేట జంక్షన్ మొత్తం చేయొద్దు. లెక్క చూడండి. పాత ఐసీఎఫ్ డబ్బా, అంటే చెన్నై ఫ్యాక్టరీలో తయారైన ప్రయాణికుల డబ్బా, రెండు చివర్లా గుద్దుడు తట్టుకునే బఫర్లతో కలిపి 22.3 మీటర్లు. అట్లాంటి 24 డబ్బాల బండి నిలబడాలంటే ప్లాట్‌ఫాం సుమారు 535 మీటర్లు ఉండాలి. అందరూ వాడే హెచ్ఓ స్కేలు, అంటే 87లో ఒక వంతు, ఆ లెక్కన చేసినా ఆరు మీటర్ల పైన, దాదాపు 20 అడుగులు అవుతుంది. అది ఒక్క ప్లాట్‌ఫామే. యార్డు, షెడ్డు, మూడు వైపులా చీలే లైన్లు అన్నీ పెట్టాలంటే మీ గది కాదు, ఫంక్షన్ హాలు కావాలి. అందరూ ఏం చేస్తారంటే అన్నిటినీ కుదించి కుదించి పెడతారు, చివరికి అది ఏ ఊరో గుర్తుపట్టలేని స్టేషన్ అవుతుంది.

దాని బదులు చిన్న స్టేషన్ ఒకటి పట్టుకోండి. హసన్‌పర్తి రోడ్, ఉప్పల్, జమ్మికుంట, ఇటు పెండ్యాల, స్టేషన్ ఘన్‌పూర్, అటు చింతలపల్లి, నెక్కొండ, కేసముద్రం. బండ్లు మాత్రం కాజీపేట మీదుగా వెళ్ళేవే కదా, మీరు కోరుకున్న ఇంజన్లన్నీ అక్కడా ఆగుతాయి, లేదా ఆగకుండా పోతాయి. ఒక ఇంజన్, ఐదు డబ్బాల ప్యాసింజర్, బండి పక్కకి తప్పుకోవడానికి ఒక లూప్ లైను, గూడ్స్ షెడ్ పక్కన వ్యాగన్లు నిలపడానికి ఒక సైడింగ్, అటు చివర గేటు. ఎనిమిది అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న చెక్క ఒకటి గోడ పక్కన వేసుకుంటే ఇదంతా పట్టేస్తుంది. ప్లైవుడ్ షీటు మీద గుండ్రంగా పట్టాలు వేసి బండి తిప్పుతూ ఉండాలన్న ఆశ కూడా వదిలేయండి. నాలుగడుగుల వెడల్పు చెక్క మీద వంపు వ్యాసార్ధం 55 సెంటీమీటర్లకి మించదు. మన బ్రాడ్ గేజ్ మీద అన్నిటికన్నా గట్టి వంపుకే 175 మీటర్ల వ్యాసార్ధం ఉంటుంది, దాన్ని వందో వంతు చేసినా మీటరూ ముప్పావు. వంపులో పొడుగు డబ్బాలు ఒకదానికొకటి అడ్డంగా తిరిగి బొమ్మ బండిలా కనిపిస్తాయి. తిన్నగా వచ్చి తిన్నగా పోయే స్టేషనే అందం.

స్కేలు దగ్గర ఒక చిక్కు ఉంది, షాపు వాళ్ళు చెప్పరు. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికా వాళ్ళ 1435 మిల్లీమీటర్ల పట్టాలకి సరిపోయేది. మనది 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది, అంటే హెచ్ఓ పట్టాల మీద మన బండి పెడితే కింద కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. చాలామంది పట్టించుకోరు, వాళ్ళకి రెడీమేడ్ ఇంజన్లు కావాలి కాబట్టి. కానీ మీ దగ్గర డబ్బు లేదు, ఎట్లాగూ డబ్బాలు అట్టతో మీరే చేసుకుంటారు కాబట్టి మీకు వేరే దారి ఉంది. అవే 16.5 పట్టాలు తీసుకుని 100లో ఒక వంతుగా కట్టండి. 1676ని 16.5తో భాగిస్తే 101.6, దాదాపు సరిగ్గా సరిపోతుంది. లెక్క కూడా హాయి, నిజంలో ఒక మీటరు మీ చెక్క మీద ఒక సెంటీమీటరు. బఫర్లు కాకుండా డబ్బా పొడవు 21.3 సెంటీమీటర్లు, వెడల్పు 3.2, డీజిల్ ఇంజన్ 17. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. కొన్న ఇంజన్లు మాత్రం పక్కన కొంచెం పెద్దగా కనిపిస్తాయి, అది ముందే తెలుసుకుని దిగండి.

ఇక రీసెర్చ్. ఇదే అన్నిటికన్నా మజా అయిన పని, ఎక్కువ టైం దీనికే ఇవ్వండి.

రిటైరైన రైల్వే వాళ్ళ దగ్గరికి వెళ్ళి "తాతా, అప్పుడు స్టేషన్ ఎట్లుండేది" అని అడిగితే "మంచిగుండేది బిడ్డా" అంటారు, ఆ తర్వాత పెన్షన్ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి. అట్లా కాదు. ఒక పెద్ద చార్ట్ పేపర్ మీద స్టేషన్ ప్లాను పెన్సిల్‌తో గీసుకుని వెళ్ళండి, తెలియని చోట ఊహించి గీసేయండి, గీసి ఆయన ముందు పరిచి ఊరుకోండి. మేం నెక్కొండలో పాయింట్స్‌మన్‌గా, అంటే బండ్లకి పట్టాలు మార్చే పని, చేసిన ఒక పెద్దాయన ముందు అట్లాగే పరిచాం. ఆయన చాయ్ తాగుతూ ఒక నిమిషం చూసి, కప్పు పక్కన పెట్టి, మా చేతిలో పెన్సిల్ లాక్కుని "ఈ యాపచెట్టు ఇటు పక్క గాదు, గూడ్స్ షెడ్ ఎనక" అని కొట్టేసి గీయడం మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. సిగ్నల్ దీపాలు సాయంత్రం పూట కిరసనాయిలు పోసి నిచ్చెన ఎక్కి పెట్టేవాళ్ళమన్నాడు, సిగ్నల్‌లో ఆకుపచ్చ కోసం పెట్టే అద్దం నిజానికి నీలంగా ఉంటుందన్నాడు, దీపం పసుపు వెలుగు దాని గుండా వస్తే దూరానికి ఆకుపచ్చగా కనిపించేదట. మేం కొన్న ఆకుపచ్చ జిలేటిన్ కాగితం పక్కన పడేసి నీలం పెట్టి, వెనక పసుపు బల్బు పెట్టాం. ఏ పుస్తకం చూసి ఈ సంగతి పట్టేవాళ్ళం?

ఒకాయన చెప్పింది ఇంకొకాయన దగ్గర సరిచూసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతి విషయం పక్కన ఎవరు చెప్పారో, వాళ్ళు అక్కడ ఏ ఏళ్ళలో పని చేశారో రాయండి. 1968లో ఉన్నాయన, 1982లో ఉన్నాయన ఇద్దరూ నిజమే చెప్తారు, కానీ రెండూ మీ 1975లో పట్టకపోవచ్చు. మీ అన్నదమ్ములిద్దరికీ గొడవ వచ్చేది కూడా ఇక్కడే, నోట్‌బుక్‌లో రాసి ఉంటే గొడవ తొందరగా తెగుతుంది.

ఫోటోలకి ఐఆర్ఎఫ్‌సీఏ (ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్) వెబ్‌సైట్ చూడండి, రైలు పిచ్చోళ్ళు ఏళ్ళ తరబడి పోగేసిన గ్యాలరీ. కానీ ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బమ్‌లు అడగడం మర్చిపోకండి. అప్పగింతలయ్యాక పెళ్ళికూతురు రైలెక్కే ఫోటో వెనకాల ప్లాట్‌ఫాం రేకులు, నీళ్ళ కుళాయి, తూకం మిషన్ అన్నీ ఉంటాయి, ఫోటో తీసినాయనకి అవి అక్కర్లేకపోయినా మనకి కావాలి. తేదీ లేని ఫోటో అయితే, డబ్బాలు నీలంగా ఉంటే అది 1990ల తర్వాతది, ముదురు ఎరుపు అయితే అంతకు ముందుది అనుకోవచ్చు. పైన తీగలుంటే మీ కాలం కాదు.

మ్యాపులకి, అమెరికా సైన్యం 1950ల్లో వేసిన ఇండియా మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ గ్రంథాలయం సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండున్నర లక్షల్లో ఒక వంతు కాబట్టి యార్డు కనిపించదు, కానీ ఏ చెరువు ఎటు పక్క, బండ్ల బాట ఎక్కడ పట్టాలు దాటేది తెలుస్తుంది. పాత టైమ్‌టేబుల్ పుస్తకం ఒకటి మాత్రం ఎట్లాగైనా సంపాదించండి. హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. అది దొరికితే మీ స్టేషన్లో పొద్దున ఎన్ని గంటలకి ఏ బండి ఉండాలో తెలిసిపోతుంది, ఇక మోడల్ మీద గడియారం ఎన్ని గంటలు చూపించాలో కూడా.

కొలతల సంగతి. ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని స్టేషన్‌కి వెళ్ళండి, పట్టాల మీదికి మాత్రం దిగొద్దు, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆర్పీఎఫ్ వాళ్ళు పిల్లలని చూడరు. దిగాల్సిన అవసరం కూడా లేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి స్లీపర్లు లెక్కపెట్టండి, ఒక దానికీ ఇంకోదానికీ మధ్య 60, 65 సెంటీమీటర్లు ఉంటాయి. ఐసీఎఫ్ డబ్బాల బండి ఆగి ఉంటే ఇంకా సులువు, స్టేషన్ బిల్డింగ్ డబ్బాన్నర పొడవుందంటే 33 మీటర్లు అన్నట్టు. ఎత్తుకి మీ అన్నని గోడ పక్కన నిలబెట్టి దూరం నుంచి ఫోటో తీయండి. ఈ లెక్కకి ఇప్పటి స్లీపర్లు వాడుకోండి కానీ మోడల్‌లో కాంక్రీటువి పెట్టకండి, అప్పట్లో కర్రవి, ఇనుపవి ఎక్కువ.

సామాన్లు పెద్ద విషయం కాదు. సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు), ఫెవికాల్, కట్టర్, ఐస్‌క్రీమ్ పుల్లలు, గడ్డికి రంగేసిన రంపపు పొట్టు. కంకర కొనకండి, కరీంనగర్ వైపు ఎవరైనా చుట్టాలుంటే గ్రానైట్ కోసే చోట రాలిన పొడి తెప్పించుకుని చాయ్ జల్లెడతో జల్లించండి, రంగు మన లైన్ కంకర లాగే వస్తుంది. ఖర్చంతా పట్టాలకీ ఇంజన్‌కీ. బయటి దేశం ఇంజన్ ఒక మంచి ఫోన్ ధర పలుకుతుంది కాబట్టి మొదటి ఏడాది ఇంజన్ కూడా అట్టదే పెట్టండి, కదలకపోయినా పర్వాలేదు. కదిలేది తర్వాత కొనొచ్చు, అప్పుడు 12 వోల్టుల సప్లై కావాలి, వైర్లు పోవడానికి చెక్కకి రంధ్రాలు ఇప్పుడే వేసి ఉంచుకోండి.

చెక్కని మాత్రం నాలుగడుగుల ముక్కలు రెండుగా చేసి బోల్టులతో కలపండి. ఎనిమిదడుగులది మీ మేడ మెట్ల మలుపు దగ్గర తిరగదు, స్కూల్ ఎగ్జిబిషన్‌కి తీసుకుపోవాలంటే ఆటోలో పట్టదు. కలిపే చోట పట్టాలు ముందు అతికించి, ఆ తర్వాతే రంపంతో కోయండి, అప్పుడు రెండు వైపులా వెంట్రుకవాసి తేడా రాదు.