నువ్వు నిలబడ్డ చోటు రాయి

నర్సాపురం

అమ్మాయికి ఆశీస్సులు.

టోక్యో డిస్నీల్యాండ్, దాని పక్కనున్న డిస్నీసీ పార్కు చూసొచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. దాంతోపాటు పంపిన ఫొటోలూ చూశాను. మీ ఆయన ఫొటోలు చాలా బాగున్నాయి. వ్యాసం మాత్రం ఇంకా వ్యాసం కాలేదు. నొచ్చుకోకు. అందులో సరుకు లేకపోతే బాగుందమ్మా అని ఫోన్లో ఒక ముక్క చెప్పి ఊరుకునేవాణ్ణి. సరుకు ఉంది కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

నీ వ్యాసంలో కోట అద్భుతంగా ఉంది. అగ్నిపర్వతం కళ్లు చెదిరేలా ఉంది. రాత్రి పరేడ్ మాటలకందనంత అందంగా ఉంది. ఈ మూడు ముక్కలూ కొట్టేసి చూడు, ఆ పేరాల్లో ఏం మిగులుతుందో. ల్యాప్‌టాప్‌లో ఫొటోలు వరసగా తెరుచుకుని, ఒక్కోటీ చూస్తూ ఒక్కో పేరా రాసినట్టున్నావు. అలా రాస్తే ఎంత చేయి తిరిగినవాడికైనా ఫొటో కింద రాసే రెండు వాక్యాలే వస్తాయి. ఫొటోలో కెమెరా ముందున్నదంతా పడుతుంది. కెమెరా వెనక ఎవరున్నారు, ఎంతసేపట్నుంచి ఉన్నారు, అక్కడే ఎందుకు నిలబడ్డారు, కాళ్ల కింది నేల ఎలాంటిది, ఇవేవీ పడవు. నువ్వు రాయాల్సింది అదంతా. కోట ఎలా ఉంటుందో ఎవరైనా ఫోన్లో చూసుకోగలరు. మీరిద్దరూ నిలబడ్డ చోటు సంగతి నువ్వు చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ముందు మీరెవరో చెప్పు. ‘ఆషాఢంలో ఖాళీ దొరికింది కాబట్టి వెళ్లాం’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పెళ్లిళ్ల స్టూడియో నడిపేవాడికి ఆషాఢం అంటే ఏమిటో మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు గానీ, చదివే అందరికీ ఎలా తెలుస్తుంది? మాఘం నుంచి జ్యేష్ఠం దాకా తెల్లవారుజాము ముహూర్తాలకు ఎవరి పందిట్లోనో నిలబడి, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఎక్కడ తప్పిపోతుందోనని టెన్షన్ పడుతూ, ఎవరెవరి జంటలనో ఫొటోలు తీసే మనిషి. ముహూర్తాలు లేని నెల రాగానే భార్యను వెంటబెట్టుకుని, ఎవరూ ఆర్డర్ ఇవ్వని ఫొటోలు తీసుకోడానికి అంత దూరం వెళ్లాడు. నన్నడిగితే నీ మొదటి పేరా ఇది. డబ్బు సంగతీ దాచకు. 2023 అక్టోబరు నుంచి అక్కడ పెద్దవాళ్లకు ఒక్కరోజు టికెట్ రోజును బట్టి 7,900 నుంచి 10,900 యెన్ల దాకా పెట్టారు. దాన్ని రూపాయల్లోకి మార్చి ఊరుకోకుండా, మొత్తం ప్రయాణానికి ఎన్ని పెళ్లి ఆల్బమ్‌ల డబ్బు అయిందో చెప్పు. ఆ లెక్క చదివేవాడికి వెంటనే అందుతుంది.

తర్వాత వాన. ‘దురదృష్టవశాత్తూ వాన పడింది, పెద్ద పరేడ్ రద్దయింది’ అని రాశావు. జూన్ మొదట్నుంచి జూలై మధ్య దాకా టోక్యోలో వానల కాలమే కదా. అలాంటి రాత్రుల్లో డిస్నీల్యాండ్ వాళ్లు పెద్ద దీపాల పరేడ్ ఆపేసి, ‘నైట్‌ఫాల్ గ్లో’ అని చిన్న పరేడ్ నడుపుతారు. నువ్వు నిరాశపడ్డానని రాసిన ఆ రాత్రి ఫొటోయే ఈ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది. అదెలా వచ్చిందో నువ్వు వ్యాసంలో రాయలేదు. మొన్న మీరిద్దరూ మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పారు. ఆయన తడి నేల మీద మోకాళ్లేసుకుని, కెమెరాను నేలకు జానెడు ఎత్తులో పట్టుకున్నాడు. నువ్వు నీ రెయిన్‌కోటు అంచు లెన్స్ మీద పడకుండా, అలాగని చినుకు పడనివ్వకుండా, గొడుగులా పట్టుకుని వంగి నిలబడ్డావు. ఆయన షట్టర్ స్పీడు సెకనులో 15వ వంతుకు తగ్గించి, పరేడ్ బండి కదిలే వేగానికి కెమెరాను కూడా దాంతోపాటే తిప్పాడు. బండి మీది బొమ్మ స్పష్టంగా నిలిచింది. వెనకున్న జనమూ దీపాలూ గీతలైపోయాయి. కింద తడి నేలలో అదంతా ఇంకోసారి కనిపించింది. ఎన్నోసార్లు తీస్తే ఒక్కటి కుదిరిందట. నీ నడుం పట్టేసిందట. ఇది కదమ్మా రాయాల్సింది! ఇంత చక్కగా నోటితో చెప్పి, రాసేటప్పుడు ‘మాటలకందనిది’ అని వదిలేస్తే ఎలా?

షట్టర్ స్పీడు అంటే తెలియనివాళ్లు ఉంటారేమోనని భయపడకు. చేసే పనిని చేసినట్టు, వరసలో చెబితే తెలియనివాళ్లు కూడా వెంట వస్తారు. నాకు కెమెరా పట్టుకోవడం రాదు, అయినా ఆ రోజు మీరు చెబుతుంటే ఒక్క ముక్క తప్పిపోలేదు. ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్ అక్కడ వాడనివ్వరని చెప్పారు. సందె చీకట్లో హార్బర్ ఫొటో కోసం రాతిగోడ మీద నీ తువ్వాలు మడతపెట్టి, కెమెరాను దానిమీద ఆనించి, వేలు తగిలితే కదులుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టాడని చెప్పారు. ఆ తువ్వాలు వ్యాసంలోకి రావాలి.

జనం సంగతి కూడా. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటేటప్పుడు ఎక్కడ నిలబడాలో మీ ఆయనకు బాగా తెలుసు. అంత ఎత్తు ప్రభ భుజాల మీద ఒడ్డెక్కేటప్పుడు ఏ పక్కకు ఒరుగుతుందో, జనం ఎటు తోసుకొస్తారో తెలిసి, ఆ తోపులాటలోనే నెగ్గుకొచ్చి ఫొటో తీసే మనిషి. అలాంటి మనిషి అక్కడ చాలా ముందుగానే వచ్చి, నేల మీద షీటు పరుచుకుని, ముందు వరసవాళ్లు లేవకుండా కూర్చుని ఎదురుచూసే జనం మధ్య ఏం చేశాడు? నువ్వు చోటు కాశావా, ఆయన కాశాడా? మొదట ఇబ్బందిపడి ఉంటాడు. తర్వాత అలవాటు పడ్డాడా? జపాన్‌వాళ్ల క్రమశిక్షణ గురించి నువ్వు రాసిన పేరా తీసేయ్. ఎక్కడైనా దొరికే మాటలు అవి. తోపులాటకు అలవాటైన ఒక ఫొటోగ్రాఫర్ కాళ్లు మడుచుకుని కదలకుండా కూర్చున్న ఆ గంట గురించి రాయి.

ఇక కిటికీ సంగతి. నాకు దాని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

డిస్నీసీలో మెడిటరేనియన్ హార్బర్ అని ఇటలీ రేవు ఊరులా కట్టిన చోటు ఉంది కదా. అక్కడ నిన్ను ఒక గోడ దగ్గర నిలబెట్టి, ఫ్రేము చూసుకుంటూ మీ ఆయన ఆగిపోయి ‘ఈ కిటికీ అబద్ధం’ అన్నాడని చెప్పావు. ఆ గోడల మీద నిజం కిటికీల పక్కనే రంగుతో వేసిన కిటికీలు ఉంటాయి. తలుపు రెక్కలు, అంచులు, అంచుల కింద నీడతో సహా వేస్తారు. దూరం నుంచి తేడా తెలియదు. మబ్బు విడిచి కాసేపు ఎండ వచ్చింది. నిజం కిటికీల నీడ ఎండను బట్టి ఒక పక్కకు పడింది. బొమ్మ కిటికీ నీడ మాత్రం బొమ్మ వేసినవాడు పెట్టిన పక్కకే ఉండిపోయింది. పగలంతా పందిళ్లలో వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ బతికే కన్ను కాబట్టి ఆయన పట్టేశాడు. పక్కన తిరిగే వందలమందిలో ఎంతమంది చూసి ఉంటారు? ఆ తర్వాత ఆయన నిన్ను పక్కన పెట్టేసి అరగంట ఆ రెండు నీడలనే తీశాడట, నీకు కోపం వచ్చిందట. ఆ కోపం కూడా రాయి. భార్యాభర్తలు కలిసి వెళ్లిన ప్రయాణంలో ఎక్కడా చిన్న మాటపట్టింపు లేకపోతే చదివేవాళ్లు నమ్మరు. అంతకన్నా ముఖ్యం, ఆ కోపంలో నిలబడే నువ్వు ఆ గోడను సరిగ్గా చూశావు. లేకపోతే నాకు అంత వివరంగా చెప్పగలిగేదానివి కావు.

ఇలాంటి పనితనం అక్కడ అడుగడుగునా ఉంటుంది. టోక్యో సిండ్రెల్లా కోట ఎత్తు 51 మీటర్లే. పైకి వెళ్లేకొద్దీ రాళ్లనూ కిటికీలనూ చిన్నవి చేసుకుంటూ పోతే కంటికి ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. 1955లో కాలిఫోర్నియాలో మొదటి డిస్నీల్యాండ్ కట్టినప్పట్నుంచీ వాడుతున్న ఉపాయమే ఇది. కిందనుంచి వైడ్ లెన్స్‌తో తీస్తే ఒకలా, దూరంనుంచి జూమ్ చేసి తీస్తే ఒకలా ఎందుకు వచ్చిందో మీ ఆయన్ని అడుగు. ఆ జవాబు ‘అద్భుతమైన కోట’ ఉన్న చోట పెట్టు.

నేల గురించి చెప్పానే, అది నువ్వు మాత్రమే రాయగలిగిన భాగం. డిస్నీసీలో ‘లాస్ట్ రివర్ డెల్టా’ దగ్గర ‘పేరు చూసి నవ్వుకున్నాం’ అని రాసి ముందుకెళ్లిపోయావు. మధ్య అమెరికా అడవిలో నది, పాత పిరమిడ్, పడవలు, అన్నీ కట్టి పెట్టారు. వశిష్ఠ గోదావరిలో పోటుకీ పాటుకీ నీళ్లు ఎక్కి దిగే రేవులో పెరిగిన పిల్లవి, ఆ నది పక్కన పొద్దున తిరిగి సాయంత్రం మళ్లీ వస్తే నీళ్లు అదే మట్టంలో ఉన్నాయని గమనించావు. నోటితో చెప్పావు, రాయలేదు. ఆ ఒక్క గమనింపు దగ్గర ఆగి, కాళ్ల కిందికి చూడు.

మీరు దిగిన మైహామా స్టేషన్, ఆ రెండు పార్కులు, హోటళ్లు, అంతా ఒకప్పుడు టోక్యో అఖాతంలో నీళ్లు. ఊరి పేరు ఉరాయసు. ఎడో అనే నది సముద్రంలో కలిసే చోటు. పాటు సమయంలో తేలే బురద మేటల్లో ఆల్చిప్పలు ఏరుకుని, నోరి అనే సముద్రపు నాచు పెంచుకుని బతికిన ఊరు. 1958లో ఎగువనున్న ఒక కాగితం మిల్లు నల్లటి నీళ్లు నదిలోకి వదిలితే, బతుకు పోతోందని జాలర్లు మిల్లు మీదికి వెళ్లారు. ఆ గొడవ తర్వాత అదే ఏడాది జపాన్ నీటి కాలుష్యం మీద చట్టాలు చేసింది. 1964లో సముద్రాన్ని పూడ్చడం మొదలుపెట్టారు. 1971లో జాలర్లు వేట హక్కులు పూర్తిగా వదులుకున్నారు. 1983 ఏప్రిల్ 15న డిస్నీల్యాండ్, 2001 సెప్టెంబరు 4న డిస్నీసీ తెరిచారు. రొయ్యల చెరువుల నీళ్లు డ్రెయిన్లలో పడితే చేప ఏమవుతుందో కళ్లారా చూసినదానివి నువ్వు. ఆ 1958 సంగతి నీకు తగిలినట్టు ఇంకొకరికి తగలదు.

2011 మార్చి 11 భూకంపంలో ఉరాయసులో పూడ్చిన నేల చాలా చోట్ల నీళ్లలా మారిపోయి, మ్యాన్‌హోళ్లు పైకి పొడుచుకొచ్చాయి. పార్కుల నేలకు పెద్ద దెబ్బ తగల్లేదు. కట్టడానికి ముందే నేలలోకి ఇసుక స్తంభాలు దింపి గట్టిపరిచారు. అయినా డిస్నీల్యాండ్ ఏప్రిల్ 15 దాకా మూసే ఉంది. మీరు మొన్ననే ఇల్లు కట్టారు. నల్లమట్టి మీద పునాది గోతుల్లో ఇసుక నింపి, నీళ్లు పోసి దట్టించడం పక్కనుండి చూసుకున్నారు. ఆ ఇసుక దగ్గర్నుంచి ఈ ఇసుక దాకా నీకు ఒక దారి ఉంది.

ఈ తేదీలన్నీ తీసుకెళ్లి ఒక్క పేరాలో కుమ్మరించకు. నేను నీకు చెప్పడానికి ఒకచోట పెట్టాను. నువ్వు నీళ్ల మట్టం చూసిన చోట ఒకటి, మైహామాలో రైలు దిగిన చోట ఒకటి, అవసరమైనంతే రానివ్వు. మిగిలినవి నీకు తెలిసి ఉంటే చాలు, వాక్యంలో ఆ ధీమా కనిపిస్తుంది.

మరో చిన్న సంగతి. అక్కడ సొంతానికి తీసుకునే ఫొటోలకే అనుమతి, వ్యాపారానికి కాదు. స్టూడియో బోర్డు మీద, బ్రోచర్‌లో అవి పెట్టొద్దని మీ ఆయనకు గుర్తుచెయ్యి. పరాయివాళ్ల పిల్లల మొహాలు కనిపించేవి వ్యాసంతో పాటు ఎక్కడా పంపకు.

చివరికి నీ ఫోన్ గురించి. మీ ఆయన కెమెరాలో పార్కు ఉంది, నువ్వు ఉన్నావు. ఆయన ఒక్కదాంట్లోనూ లేడు. నీ ఫోన్లో ఉన్నాడు. తడి నేల మీద మోకాళ్లేసుకుని ఒకటి, గోడకు చేరగిలబడి లెన్స్ తుడుచుకుంటూ ఒకటి, తిరుగు రైల్లో కెమెరా బ్యాగు ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతూ ఒకటి. బాగా రాలేదని నాకు చూపించడానికి మొహమాటపడ్డావు. కొన్ని వంకరగా ఉన్నాయి, ఒకదానికి నీ వేలు అడ్డొచ్చింది. ఈసారి రాసేముందు ఆయన ఫొటోలు తెరవకు. నీ ఫోన్లోవి ఒకసారి చూసుకుని, ఫోన్ పక్కన పెట్టేసి, ఒక్కొక్కటి తీసినప్పుడు నువ్వు ఎక్కడున్నావో గుర్తుతెచ్చుకుని రాయి. నిడివి గురించి ఇప్పుడే ఆలోచించకు. ఎక్కువైతే ఇద్దరం కూర్చుని కోద్దాం.

శ్రావణం వచ్చిందంటే మళ్లీ పెళ్లిళ్లు, ఆల్బమ్ డిజైన్ పని నీ నెత్తిన పడుతుంది. ఆలోగా ఒక ప్రతి పూర్తి చెయ్యి. మెయిల్ చెయ్యకు, కాగితాల మీద తీసుకురా, పక్కన రాసుకోడానికి నాకు వీలుగా ఉంటుంది. ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కుని బయల్దేరండి. మీ ఆయన్నీ తీసుకురా, రెండు నీడల ఫొటోలు నేనింకా చూడలేదు.

మీ
మాస్టారు